సమస్య (పొసగనట్టుండే ఈ మాట చివరి పాదంగా, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి): "పాట వినని చెవియె పరవశించె"

నిర్వాహకుడు (టీ నగర్):
పొద్దున వంటింట్లో రేడియో పాడుతోంది. పులుసు కలుపుతున్న అమ్మ కాలి బొటనవేలు గచ్చు మీద తాళం వేస్తోంది. "ఏం పాటమ్మా అది?" అంటే "ఏ పాట?" అంది. పాదం అక్కడే తట్టింది. కానివ్వండి.

పెరంబూరు పిన్ని:
వీణ పలికె నింట వెన్నెల కురిసిన
తీరు, మేను మరచి తేలినాను;
ఫోను మ్రోగె నెంతొ, పోలేదు, నెలచీటి
పాట వినని చెవియె పరవశించె.

మాంబళం మేష్టారు:
పిన్నిగారూ, పాటను చీటీపాట చేసేసరికి సమస్య అక్కడే విడిపోయింది. ఫోను-పోలేదు యతి చెవికి హాయిగా తగిలింది. ఆమధ్య అడయారు అన్నయ్య వేలంపాటతో ఇదే విరుపు ప్రయత్నించి గణాల్లో చిక్కుకున్నారు. మీరు చిక్కుకోలేదు.

పెరంబూరు పిన్ని:
ఇది మా ఇంట్లో జరిగిందే మేష్టారూ. ఆ నెల చీటీ వేరేవాళ్ళు పాడుకున్నారు. నాకేం బాధ లేదు, ఆ సాయంత్రం విన్న కల్యాణి రాగం ఇంకా చెవిలోనే ఉంది.

అడయారు అన్నయ్య:
వేలంపాట సంగతి ఇప్పుడెందుకు లెండి. నా పూరణ:

తలుపు మూసి తాత తంబుర మీటగ
శ్రుతియె నిండె నింట చుట్టుముట్టి;
పల్లవింక రాదు, పదమైన పుట్టదు,
పాట వినని చెవియె పరవశించె.

మాంబళం మేష్టారు:
మొదటి రెండు పాదాలు నాకు బాగా నచ్చాయి. మూడోది ఒప్పుకోను. "పల్లవి" ఏమ్యాదుల్లో (ఏమి, మఱి లాంటి మాటల్లో) లేదు, ఇకారసంధి చెయ్యకూడదు. యడాగమం వచ్చి "పల్లవి యింక" కావాలి, అప్పుడు గణం పోతుంది. పైగా "ఇంక రాదు" అంటే ఇక ఎప్పటికీ రాదనే అర్థమొస్తుంది.

అడయారు అన్నయ్య:
పోయిన డిసెంబరులో మీరు "కావేరెండె" అని రాసినప్పుడు ఆ యడాగమం ఎటు పోయింది? పెద్దవారని ఊరుకున్నాను. నా పద్యంలో అసలు సంగతి చూడండి. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు మనుషులకు వాళ్ళకిష్టమైన సంగీతమే వినిపిస్తూ మెదడుని పరీక్షించారు. ఒళ్ళు పులకరించే ఘట్టం రాకముందే, ఇదిగో వస్తోందన్న ఎదురుచూపులోనే మెదడులో ఒకచోట డోపమిన్ అనే రసాయనం విడుదలవుతోంది. ఘట్టం వచ్చాక మరోచోట. తాతయ్య తంబురా ఒళ్ళో పెట్టుకోగానే నాకు గగుర్పాటు కలిగేది అందుకే.

మాంబళం మేష్టారు:
"కావేరెండె" తప్పే, ఆ రోజే దిద్దుకోవాల్సింది. డోపమిన్ మాటా ఒప్పుకుంటాను. సంధి మాత్రం ఒప్పుకోను.

పెరంబూరు పిన్ని:
"పల్లవికిని ముందె, పదమైన పుట్టని" అంటే ఎలా ఉంటుంది అన్నయ్యా? గణాలు సరిపోతాయి, సంధి గొడవా ఉండదు. "పుట్టని పాట" అని నాలుగో పాదంలోకి సాఫీగా దిగుతుంది.

అడయారు అన్నయ్య:
దిద్దుకున్నాను. పిన్నిగారికి నమస్కారం.

నంగనల్లూరు:
పద్యం కుదరలేదు, ఊహ మాత్రం చెప్తాను. మా పక్కింటి పాట్టికి (బామ్మగారికి) తెలుగు ఒక్క ముక్క రాదు. త్యాగరాజ కృతి పెడితే మాత్రం పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటారు. సాహిత్యం వినని చెవి అన్నమాట.

వేళచ్చేరి తమ్ముడు:
చెవుడు వచ్చినమ్మ చేయుంచె పెట్టెపై,
అదురు తాకె వ్రేళ్ళ నమృతమగుచు,
పాత రోజులన్ని ప్రాణాన కదలాడ
పాట వినని చెవియె పరవశించె.

మాంబళం మేష్టారు:
నడక బాగుంది. ఒక్క సందేహం. అదురు తాకింది వేళ్ళని కదా, పరవశించింది చెవి ఎలా అయింది?

వేళచ్చేరి తమ్ముడు:
మూడో పాదం అందుకే మేష్టారూ. ఆ పెట్టె నాన్నగారిది. స్పీకరు మీది గుడ్డకి అరచేయి ఆనించి, అమ్మ తాళాన్ని బట్టి పాట పోల్చుకుంది. చరణం మొదలయ్యే చోట సరిగ్గా తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. ఎప్పుడో విన్న పాట లోపల మళ్ళీ మోగింది, మోగింది చెవిలోనే.

పెరంబూరు పిన్ని:
ఏడిపించావు తమ్ముడూ.

మాంబళం మేష్టారు:
నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. 1824 మే 7న వియన్నాలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ తొలిసారి వినిపించారు. ఒక గాయని తనని సభవైపు తిప్పితే గాని ఆయనకు చప్పట్ల సంగతి తెలియలేదంటారు. ఆ సంగీతమంతా ఆయన లోపల మోగిందే కదా. తమ్ముడూ, "అదురు" మార్చకు. "నాదము" అంటే అందంగా ఉంటుంది గాని అమ్మగారి చెయ్యి కనబడదు.

అడయారు అన్నయ్య:
ఇది మేష్టారు చెప్పాల్సిన మాట. ఈ వారానికి నా ఓటు తమ్ముడికే.

నిర్వాహకుడు:
నాదీ అంతే. మేష్టారూ, అందరివీ దిద్దారు, మీ పూరణ ఇంకా రాలేదు. రాత్రి పది దాకా చూస్తాను.