క్రూయిజ్‌లో చూపిస్తామన్న రేవులు తప్పిపోతే ప్రయాణికుడికి దక్కేది ఏమిటి?

ప్రశ్న (తీరరేఖ)

ఈ వేసవిలో కుటుంబంతో కలిసి ఏజియన్ సముద్రంలో గ్రీకు దీవులను చుట్టివచ్చే క్రూయిజ్‌కు వెళ్లి వచ్చాను. ఎంతో ఆశపడి వెళ్లిన యాత్ర కావడంతో, తిరిగి వచ్చాక కూడా ఆ బాధ పోలేదు. ఇక్కడ అనుభవం ఉన్నవారు ఉంటారన్న నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

మేము ఆ యాత్రను ఎంచుకున్నదే మైకొనోస్, శాంటోరిని దీవుల కోసం. మైకొనోస్ చేరవలసిన రోజు ఉదయం ఓడ దీవికి బాగా దగ్గరగా వచ్చింది. పై డెక్ మీద నిలబడితే తెల్లటి ఇళ్లు, గాలిమరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి కానీ, కమ్మీ పట్టుకోకుండా నిలబడడం సాధ్యం కాలేదు. కాసేపటికి కెప్టెన్ మైకులో మాట్లాడి, గాలి వేగం పరిమితి దాటిందని, రేవులోకి వెళ్లడం క్షేమం కాదని, ఆ రోజంతా సముద్రంలోనే గడుపుతామని చెప్పారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎంత అందమైన దీవి అయినా ప్రాణాల కంటే ఎక్కువ కాదు.

నాకు మింగుడుపడనిది ఆ తరువాత జరిగినది. రాత్రి బాగా పొద్దుపోయాక తలుపు కింది నుంచి ఒక కాగితం లోపలికి తోశారు. ఓడను నడిపే యంత్రాలలో ఒకదానికి సాంకేతిక సమస్య ఉన్నందువల్ల వేగం తగ్గించామని, శాంటోరినికి ఉదయానికి బదులు మధ్యాహ్నం దాటాక చేరుకుంటామని అందులో ఉంది. చిన్న పడవల కోసం వరుసలో నిలబడి, ఒడ్డుకు చేరాక కేబుల్ కారు కోసం మరో వరుసలో నిలబడి, చివరికి కొండ మీది ఊరికి చేరేసరికి చివరి పడవ వేళ దగ్గరపడింది. పైన నిలబడి ఒక్కసారి చుట్టూ చూసి తిరుగుముఖం పట్టాము. ఆ యంత్రం సమస్య మేము ఓడ ఎక్కకముందు నుంచే ఉందని, సిబ్బందిలో ఒకరు భోజనాల దగ్గర మాటల మధ్యలో చెప్పారు. అది నిజమైతే, ప్రయాణం మొదలుకాకముందే మాకు చెప్పి ఉండవలసింది కాదా?

మా కేబిన్ ఓడ వెనుక భాగంలో, కింది అంతస్తులో ఉంది. ఓడ రేవులో నిలిచేటప్పుడు, కదిలేటప్పుడు గది మొత్తం అదిరేది. వాష్‌బేసిన్ దగ్గర పక్కపక్కనే పెట్టిన రెండు గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే, వాటి మధ్య చిన్న తువ్వాలు మడిచి పెట్టి నిద్రపోవలసి వచ్చింది. సముద్రంలోనే గడిచిన ఆ రోజున కొలను చుట్టూ ఉన్న కుర్చీలన్నీ తువ్వాళ్లతో ముందే ఆక్రమించి ఉన్నాయి, మా పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటు దొరకలేదు.

ఇంత జరిగాక కంపెనీ మా ఖాతాలో వేసింది మైకొనోస్ రేవు రుసుము మాత్రమే. గాలి వల్ల పోయిన రేవుకు, యంత్రం వల్ల తగ్గిన సమయానికి తేడా లేదా? చట్టప్రకారం మాకు ఇంకేమైనా దక్కుతుందా?


లంగరు రాసిన సమాధానం

తీరరేఖ గారూ, మీరు అడిగిన తేడా నిజంగానే ఉంది, అయితే ఆ తేడా మీరు సంతకం చేసిన టికెట్ ఒప్పందంలో కనిపించదు. క్రూయిజ్ కంపెనీల ఒప్పందాలన్నీ దాదాపు ఒకే ధోరణిలో ఉంటాయి. ఏ కారణంతోనైనా, ముందస్తు సమాచారం లేకుండా, ఒక రేవును వదిలివేయడానికి, క్రమం మార్చడానికి, అక్కడ ఆగే సమయాన్ని తగ్గించడానికి కంపెనీకి హక్కు ఉంటుందని, అందుకు రేవు రుసుము తప్ప ఇంకేమీ చెల్లించనవసరం లేదని వాటిలో రాసి ఉంటుంది. అంటే బ్రోచరు దీవులను అమ్ముతుంది, ఒప్పందం ఓడను మాత్రమే అమ్ముతుంది. నా దృష్టిలో ఈ రంగంలోని అసలు అన్యాయం ఇదే.

కానీ ఒప్పందంలో రాసినదే చివరి మాట కాదు, టికెట్ ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఐరోపా సమాఖ్య దేశంలోని సంస్థ దగ్గర కొని ఉంటే 2015/2302 నంబరు ప్యాకేజీ ప్రయాణ ఆదేశం మీకు వర్తించే అవకాశం ఎక్కువ, ఎందుకంటే బస, రవాణా కలిసి ఉన్న క్రూయిజ్‌ను అది ప్యాకేజీగానే చూస్తుంది. బ్రిటన్‌లో 2018 నాటి ప్యాకేజీ ప్రయాణ నిబంధనలు ఇంచుమించు అలాగే ఉంటాయి. ఆ ఆదేశం రెండు విషయాలను విడదీసి చెబుతుంది. ఒకటి ధరలో తగ్గింపు, రెండవది నష్టపరిహారం. తప్పించలేని అసాధారణ పరిస్థితులు వచ్చినప్పుడు నష్టపరిహారం ఇవ్వనవసరం లేదు. ధరలో తగ్గింపుకు మాత్రం ఆ మినహాయింపు లేదు. లోపం ప్రయాణికుడి వల్ల జరిగితే తప్ప, ఇస్తామన్న సేవ అందనప్పుడు ధర తగ్గించవలసిందే. కోవిడ్ ఆంక్షల వల్ల పాడైన ఒక విహారయాత్ర కేసులో ఐరోపా న్యాయస్థానం 2023 జనవరిలో ఇదే స్పష్టం చేసింది.

కాబట్టి మైకొనోస్ విషయంలో ధర తగ్గింపు అడగవచ్చు. శాంటోరిని విషయంలో దానితో పాటు నష్టపరిహారం కూడా అడగవచ్చు, ఎందుకంటే పాతబడిన యంత్ర లోపాన్ని అసాధారణ పరిస్థితి అని నిరూపించడం కంపెనీకి కష్టం. అయితే లోపాన్ని ఆలస్యం చేయకుండా నిర్వాహకులకు తెలియజేయవలసిన బాధ్యత ప్రయాణికుడి మీద ఉంది. ఓడలో ఉండగానే ఫిర్యాదు రాసి ఇచ్చారా?

అమెరికా కంపెనీ ఒప్పందం అయితే దారి ఇరుకు. అక్కడి క్రూయిజ్ సంస్థల సంఘం 2013లో ప్రయాణికుల హక్కుల పత్రం ఒకటి ప్రకటించింది. యంత్ర వైఫల్యం వల్ల యాత్ర రద్దయితే పూర్తి సొమ్ము, మధ్యలోనే ముగిస్తే కొంత సొమ్ము తిరిగి ఇస్తామని అందులో ఉంది కానీ, యాత్ర కొనసాగుతూ ఒక రేవు తప్పిపోతే ఇంత ఇస్తామన్న మాట లేదు. దావా ఏ ఊరి కోర్టులో వేయాలో కూడా టికెట్‌లోనే ముందుగా నిర్ణయిస్తారు. అలాంటి షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది.


పాత నావికుడు రాసిన సమాధానం

నేను ప్రయాణికుల ఓడల్లో పనిచేసి విరమించినవాడిని. చట్టం గురించి లంగరు గారు చెప్పినదానికి కలపవలసినది ఏమీ లేదు. ఓడలో నిర్ణయాలు ఎలా జరుగుతాయో చెబితే మీ లేఖకు బలం వస్తుందని అనుకుంటున్నాను.

ఏజియన్‌లో వేసవి అంతా ఉత్తరం నుంచి వీచే గాలిని అక్కడివారు మెల్టెమి అంటారు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా అది రోజుల తరబడి బలంగా వీస్తుంది. పెద్ద క్రూయిజ్ ఓడ నీటిపైన అనేక అంతస్తుల ఎత్తున గోడలా నిలుస్తుంది కాబట్టి గాలి దానిని పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడును మించిన బలం పక్కకు తోసే థ్రస్టర్లకు లేకపోతే రేవుగోడ దగ్గర ఓడను నిలపడం ప్రమాదం. మీ గదిలో గ్లాసులు మోగడానికి కారణం కూడా బహుశా ఆ థ్రస్టర్లే, లేదా వెనుక ఉన్న ప్రొపెల్లర్లే. కింది అంతస్తులో, ఓడ రెండు చివర్లలో ఉండే గదుల్లో వాటి అదురు బాగా తెలుస్తుంది. భద్రత విషయంలో కెప్టెన్ మాటను కంపెనీ కూడా కాదనకూడదని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. అందువల్ల మైకొనోస్ గురించి కెప్టెన్ మీద ఒక్క మాట కూడా రాయకండి, రాస్తే మీ మిగతా వాదన పలచబడుతుంది.

శాంటోరిని సంగతి వేరు. అక్కడ పెద్ద ఓడలు ఆనుకుని నిలిచే రేవుగోడ లేదు. అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన ఆ గుంట వందల మీటర్ల లోతు ఉంటుంది కనుక ఓడ నీటి మధ్యలోనే ఆగుతుంది, ప్రయాణికులను చిన్న పడవలు పాత రేవుకు చేరవేస్తాయి. అక్కడి నుంచి ఫిరా ఊరికి ఎక్కాలంటే కేబుల్ కారు ఉంది, లేదంటే దాదాపు 600 మెట్లు. ఇలాంటి చోట ఆలస్యంగా వచ్చిన ఓడకు పోయేది ఆ ఆలస్యం ఒక్కటే కాదు. పడవకు, కేబుల్ కారుకు పట్టే సమయం తగ్గదు కాబట్టి కోత అంతా కొండ మీద గడిపే సమయం మీదే పడుతుంది. కంపెనీ "కొన్ని గంటలు మాత్రమే తగ్గాయి" అని జవాబిస్తే, ఈ లెక్కను వారి ముందు పెట్టండి.

యంత్రం గురించి కూడా ఒక మాట. నేటి పెద్ద క్రూయిజ్ ఓడల్లో చాలావాటికి ప్రొపెల్లర్, దానిని తిప్పే విద్యుత్ మోటారు రెండూ ఓడ అడుగున వేలాడే పాడ్‌లో ఉంటాయి. ఒక పాడ్ బేరింగు పాడైతే మిగిలినవాటితో తక్కువ వేగంతో నడపవచ్చు. పూర్తిగా బాగుచేయడానికి చాలాసార్లు డ్రైడాక్‌కు, అంటే నీరు తోడేసి ఓడ అడుగును బాగుచేసే చోటుకు, తీసుకువెళ్లవలసి వస్తుంది. డ్రైడాక్‌లో చోటు దొరికేదాకా తగ్గించిన వేగంతోనే యాత్రలు నడపడం ఈ వృత్తిలో కొత్త కాదు. అందులో భద్రతాపరంగా దోషం లేకపోవచ్చు, కానీ ఆ వేగానికి తగ్గట్టు రాకపోకల వేళలు మార్చి ముందే ప్రకటించడం కంపెనీ చేతిలోని పనే. మీ ఓడ అంతకుముందు చేసిన యాత్రల్లో కూడా అదే దీవికి ఆలస్యంగా చేరిందా అన్నది ఓడల కదలికలు చూపించే వెబ్‌సైట్లలో వెతకండి. సిబ్బంది నోటి మాట కంటే ఆ ఆధారం గట్టిది, పైగా ఆ ఉద్యోగి పేరు బయటపెట్టవలసిన అవసరమూ ఉండదు. దయచేసి బయటపెట్టవద్దు.


అలల అంచు రాసిన సమాధానం

రద్దీ గురించి ఎవరూ మాట్లాడలేదు. రేవులో ఆగిన రోజున ప్రయాణికుల్లో చాలామంది దిగిపోతారు కాబట్టి ఓడ విశాలంగా అనిపిస్తుంది. రేవు తప్పిన రోజున అందరూ పైనే ఉంటారు. ఓడ ఎంత ఇరుకో ముందుగా అంచనా వేయడానికి గ్రాస్ టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తారు. గ్రాస్ టన్నేజీ బరువు కాదు, లోపలి ఘనపరిమాణానికి కొలత. వచ్చే సంఖ్య ఎంత తక్కువైతే ఓడ అంత ఇరుకు. ఉదాహరణకు 2024లో యాత్రలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,663 గ్రాస్ టన్నుల ఓడ. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది అనుకుంటే తలకు 44 వస్తుంది, గరిష్ఠంగా ఎక్కే దాదాపు 7,600 మందితో లెక్కిస్తే 33కు పడిపోతుంది. పిల్లల సెలవుల్లో గదుల్లో అదనపు పడకలు నిండుతాయి కనుక రెండో లెక్కకే దగ్గరగా ఉంటుంది. ఫిర్యాదులో మాత్రం ఇది నిలబడదని నా అభిప్రాయం. కుర్చీ దొరకలేదన్న వాక్యం చేర్చితే చదివేవారు దాని మీదే జవాబు రాసి అసలు విషయం దాటవేస్తారు.


తీరరేఖ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. టికెట్లను ఐరోపా సమాఖ్య దేశంలోని సంస్థ వెబ్‌సైట్‌లోనే కొన్నాము. శాంటోరిని నుంచి తిరిగి వచ్చిన రాత్రే రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని ఫోటో తీసుకున్నాను. తలుపు కింద వేసిన కాగితం కూడా నా దగ్గర భద్రంగా ఉంది. ఓడ కదలికల వెబ్‌సైట్ చూస్తే, మా ముందు యాత్రలో కూడా అదే దీవికి మధ్యాహ్నమే చేరినట్టు కనిపించింది. నాకు ఎక్కువ బాధ కలిగించినది డబ్బు కాదు. ముందే చెప్పి ఉంటే ఆ రోజును అందుకు తగ్గట్టు మలుచుకునేవాళ్లం, లేదా మెట్లు ఎక్కలేని మా పెద్దవాళ్లను ఆ వరుసల్లో నిలబెట్టకుండా ఓడలోనే విశ్రాంతిగా ఉంచేవాళ్లం. ఆ ఎంపికను మా చేతుల్లోంచి తీసేసుకున్నారు.


లంగరు

తీరరేఖ గారూ, మీరు ఇప్పుడు రాసిన చివరి మాటలనే లేఖలో మొదటి పేరాగా పెట్టండి. ముందు యాత్ర తేదీ, చేరిన వేళ, ఆ కాగితం నకలు, ఫిర్యాదు ఫోటో జతచేసి, మీకు టికెట్ అమ్మిన సంస్థకే పంపండి. ప్యాకేజీ నిర్వాహకులుగా జవాబుదారీ వారిదే. మైకొనోస్‌కు ధర తగ్గింపు, శాంటోరినికి తగ్గింపుతో పాటు నష్టపరిహారం అని రెండింటినీ వేరువేరుగా అడగండి. వచ్చే యాత్రకు వోచరు ఇస్తామంటే, అది తీసుకోవడం వల్ల మిగతా హక్కులు వదులుకున్నట్టు ఎక్కడైనా రాసి ఉందేమో చూడకుండా ఒప్పుకోకండి. దావా వేయడానికి ఆ ఆదేశం ప్రకారం కనీసం రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి తొందరపెట్టినా లొంగవలసిన పని లేదు. ప్రయాణ బీమా తీసుకుని ఉంటే ఆ పత్రాన్నీ ఒకసారి చదవండి. క్రూయిజ్ కోసం ప్రత్యేకించిన కొన్ని పాలసీల్లో రేవు తప్పినందుకు ఇంత అని విడిగా చెల్లిస్తారు, దానికి కంపెనీ తప్పును నిరూపించవలసిన అవసరం ఉండదు. అయితే రేవు తప్పిందని ఓడ నుంచి ధ్రువీకరణ అడుగుతారు కనుక, అది మీ దగ్గర లేకపోతే ఈ లేఖలోనే కోరండి.