వీణ నేర్చుకున్న పిల్లకు చైనీస్ తేలిగ్గా వస్తుందా?

పాలకొల్లు అక్క:
మా చెల్లెలి కూతురు చైనాలో మెడిసిన్ చదువుతోందండి. పాఠాలు ఇంగ్లీషులోనే గానీ, ఆసుపత్రిలో పేషెంట్లతో మాట్లాడాలంటే చైనీస్ రావాల్సిందే. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని "మా" అనే ఒక్క మాటనే నాలుగు రకాలుగా పలికింది. ఒకే ఎత్తులో సాగదీస్తే అమ్మ, పైకి ఎత్తితే నార, కిందికి దించి మళ్లీ లేపితే గుర్రం, గబుక్కున కిందికి వదిలేస్తే తిట్టడం. రెండోదానికీ మూడోదానికీ తేడా నాకు ఎన్నిసార్లు విన్నా తెలియలేదు. తన రూమ్మేట్ చదువులో దీనికంటే చురుకైన పిల్ల, ఇప్పటికీ అక్కడే తడబడుతుందట, మాదేమో మొదటి నెలలోనే పట్టేసింది. ఏడేళ్లప్పటి నుంచి వీణ నేర్చుకుంది, దానివల్లేనా? మా తమ్ముడి కూతురికి ఆరేళ్లు, వాడు సంగీతం వద్దు అబాకస్ లెక్కల క్లాసులో వేస్తానంటున్నాడు, అందుకే అడుగుతున్నా.

రాజోలు వీణ మాష్టారు:
దానివల్లే అని నా నమ్మకం అమ్మా. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, రావాలంటే వీణ మెట్టు మీద తంతిని వేలితో పక్కకి లాగాలి. వెంట్రుకవాసి తక్కువ లాగినా స్వరం పైకి చేరదు, ఆ చేరకపోవడం పిల్లలకు మొదట్లో వినపడదు, ఏడాది కూర్చుంటే వినపడుతుంది. ఆ మూడో "మా" కూడా అలాంటి కదలికే కదా. ఇంకోటి, చైనీస్‌లో ఫలానా ఎత్తు అని ఉండదు, ఆడపిల్ల అన్నా ముసలాయన అన్నా ఎవరి గొంతు వాళ్లది, నడక మాత్రం అదే. ఒకటి శ్రుతిలో పాడినా అయిదు శ్రుతిలో పాడినా మోహన రాగం మోహన రాగమే అయినట్టు.

భీమవరం నుంచి:
మాష్టారు చెప్పింది ల్యాబ్‌లో కూడా చూశారు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ప్యాట్రిక్ వాంగ్, నీనా క్రాస్ వాళ్ల బృందం 2007లో ప్రచురించింది. 20 మంది, చైనీస్ ఒక్క ముక్క రానివాళ్లు, అందులో సగం మంది చిన్నప్పటి నుంచి వాయిద్యం నేర్చుకున్నవాళ్లు. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, వాళ్లు సినిమా చూస్తుండగా చెవిలో "మి" అన్న శబ్దాన్ని మూడు స్వరాల్లో వినిపించారు, ధ్యాసంతా సినిమా మీదే. వెన్నుపాముకు పైన ఉండే మెదడు కాండం దగ్గర, అంటే శబ్దం ఇంకా మెదడు పైభాగానికి చేరకముందే, అక్కడి సంకేతం ఆ ఎత్తుపల్లాల వెంట ఎంత దగ్గరగా నడిచిందో కొలిచారు. సంగీతం వచ్చినవాళ్లలో ఎక్కువ దగ్గరగా నడిచింది.

కానీ అక్కా, మంచి చెవి ఉన్నవాళ్లే సంగీతంలో నిలబడ్డారేమో అన్న అనుమానం మిగులుతుంది. దానికి 2018లో వచ్చిన బీజింగ్ అధ్యయనం కొంత జవాబు. 74 మంది చిన్నపిల్లలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు నెలలు, వారానికి మూడుసార్లు 45 నిమిషాలు పియానో నేర్పారు. ఆ పిల్లల మెదడు ఎత్తు మార్పులను, పాటలోనూ మాటలోనూ, బాగా పట్టింది. ఐక్యూలో మాత్రం ఏ తేడా రాలేదు, కాబట్టి లెక్కలు వస్తాయని ఆశపెట్టి తమ్ముడుగారిని ఒప్పించకండి.

కోనసీమ వాసి:
మా తాతగారు వేదం చెప్పేవారు. అనుదాత్తానికి, అంటే కింది స్వరానికి, మా తల వంచేవారు, స్వరితానికి, అంటే పై స్వరానికి, పైకి లేపేవారు, తప్పితే ఆ పనస, అంటే ఆ వేదభాగం, మళ్లీ మొదటి నుంచి. ఎందుకంత పట్టింపు అంటే, ఇంద్రుణ్ని చంపే కొడుకు కోసం హోమం చేసిన త్వష్ట కథ చెప్పేవారు. "ఇంద్రశత్రు" అన్న మాటలో ఉదాత్తం, అంటే మాటలోని ప్రధాన స్వరం, చివర ఉండాల్సింది మొదట పలికాడు, ఇంద్రుణ్ని చంపేవాడు కావాల్సిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. తెలుగులో ఆ పట్టింపు లేదు, "వచ్చాడు" అన్నది ఎత్తి పలికితే ప్రశ్న అవుతుంది గానీ మాట మారదు. పంజాబీ, మణిపురి వాళ్లకు మారుతుంది.

పాలకొల్లు అక్క:
అందరికీ థాంక్సండి. తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను, ఐక్యూ సంగతి కూడా దాచలేదు, సరే అన్నాడు. మాష్టారూ, ఆరేళ్లకు వీణ పట్టుకోగలదా?

రాజోలు వీణ మాష్టారు:
ముందు గాత్రం మొదలుపెట్టండి. సరళీ స్వరాలు, జంట స్వరాలు గొంతులో నిలబడి, కూర్చుంటే చివరి మెట్టు దాకా చెయ్యి అందాక వీణ ఇవ్వచ్చు. ఈలోగా ఇంట్లో రోజూ కాసేపు తంబుర శ్రుతి పెట్టండి, ఫోన్‌లోదైనా సరే.