అప్‌డేట్: మలేయిక్ ఆమ్లం ఫ్యూమరిక్‌గా మారింది

మొదట నేనడిగింది ఇదీ: ఈ రెండు ఆమ్లాల ఫార్ములా సీ4హెచ్4ఓ4 ఒకటే అయినా మలేయిక్ 135 డిగ్రీల దగ్గర, ఫ్యూమరిక్ 287 దగ్గర ఎందుకు కరుగుతాయి, ఒకదాన్ని రెండోదానిగా మార్చొచ్చా అని. మీరు చెప్పిన పద్ధతే పనిచేసింది.

15 గ్రా. మలేయిక్ అన్‌హైడ్రైడ్‌ని (మలేయిక్ ఆమ్లం నుంచి నీటి అణువు పోగా మిగిలే పదార్థం) 20 మి.లీ. నీటిలో మరిగించి, చల్లార్చి, వచ్చిన మలేయిక్ స్ఫటికాలను వడకట్టాలి. మిగిలిన ద్రవంలో 15 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే గూడు) 10 నిమిషాలు రిఫ్లక్స్ చేస్తే, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్క్‌లోకే పడేలా మరిగిస్తే, మరుగుతుండగానే తెల్లటి ఫ్యూమరిక్ దిగుతుంది. అలా దిగేటప్పుడే ఫ్లాస్క్ ఎగిరెగిరి పడుతుంది, బాయిలింగ్ చిప్స్ (మరుగు సాఫీగా సాగేందుకు వేసే చిన్న గరుకు ముక్కలు) ముందే వేయండి. ఈ ఆమ్లాల్లో రెండు కార్బన్ల మధ్య ఉన్న ద్విబంధం మామూలుగా తిరగదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోని క్లోరైడ్ తాత్కాలికంగా చేరి దాన్ని ఏకబంధం చేస్తుంది, అప్పుడు అణువు ఆ బంధం చుట్టూ తిరిగి, స్థిరమైన ఫ్యూమరిక్ రూపంలో కుదురుకుంటుంది.

మలేయిక్‌లో రెండు కార్బాక్సిల్ (సీఓఓహెచ్) సమూహాలు ద్విబంధానికి ఒకే వైపు ఉండి హైడ్రోజన్ బంధాన్ని తమలో తామే కట్టుకుంటాయి. ఫ్యూమరిక్‌లో అవి ఎదురెదురు వైపుల ఉంటాయి కాబట్టి పక్క అణువులతో గొలుసు కడతాయి. ఆ గొలుసును విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి; కరిగే ఉష్ణోగ్రతల్లో తేడాకు అసలు కిటుకు ఇదే.

తేడా చూడటానికి బ్రోమిన్ నీరు పనికిరాదు, ద్విబంధం రెండిట్లోనూ ఉంది. గ్రాము పొడిని 10 మి.లీ. చన్నీటిలో కలపండి: మలేయిక్ పూర్తిగా కరుగుతుంది, ఫ్యూమరిక్ అడుగునే ఉంటుంది. ఫ్యూమరిక్ ద్రవీభవన స్థానం చూసేవాళ్లు కేపిలరీ (పొడి నింపే సన్నని గాజు గొట్టం) రెండో కొననూ మూసేయండి. తెరిచి ఉంచితే కరగకముందే ఆవిరైపోతుంది.