క్లాప్ కొట్టమన్నారు, సౌండ్ చూసుకోమన్నారు: అసలు నా పని ఏమిటి?

ప్రశ్న (శ్రీకాకుళం, డిగ్రీ రెండో సంవత్సరం)

అందరికీ నమస్కారం. మా తరగతి వాళ్లు పన్నెండు నిమిషాల లఘుచిత్రం తీస్తున్నారు. డిసెంబరులో రెండు రోజుల షూటింగ్. ఒక రోజు కళింగపట్నం సముద్రతీరంలో, మరో రోజు ఒక పాత పెంకుటింట్లో. నటులు నలుగురు, మిగతా పనులన్నింటికీ మేము ఆరుగురం. నాకు కెమెరా పట్టడం రాదు కాబట్టి "క్లాప్ నువ్వు కొట్టు, సౌండ్ కూడా నువ్వే చూసుకో" అని తేల్చేశారు. రికార్డరు ఒకటి, కర్రకు కట్టే మైకు ఒకటి అద్దెకు తెస్తున్నారు. డబ్బులేమీ లేవు, భోజనం పెడతారట. "అక్కడ నీ పని ఏమిటే?" అని అమ్మ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు (విజయనగరం)

చెల్లీ, క్లాప్ ఆర్భాటం కోసం కాదు. బొమ్మ కెమెరాలోకి, మాట రికార్డరులోకి విడివిడిగా వెళ్తాయి. ఎడిటింగులో రెంటినీ కలపాలంటే చెక్కకు చెక్క తగిలిన ఫ్రేమునూ "టక్" మన్న చప్పుడునూ ఒకచోటికి తేవాలి. అందుకే బోర్డు ఫ్రేములో స్పష్టంగా కనబడాలి. సీను, షాటు, టేకు (ఆ షాటును ఎన్నోసారి తీస్తున్నారో) సంఖ్యలు పైకి చదివి ఒక్కసారే కొట్టు, కొట్టాక క్షణం కదలకు. ముఖానికి దగ్గరగా తీసే షాట్లలో మెల్లగా తాకిస్తే చాలు. ఏడవడానికి సిద్ధపడుతున్న మనిషి ముక్కు ముందు టపాకాయ పేల్చకూడదు. మొదట్లో మరిచిపోతే షాటు చివర బోర్డును తలకిందులుగా పట్టి కొట్టు. అది చివరి క్లాప్ అని ఎడిటరుకు తెలిసిపోతుంది.

ఇంతకంటే పెద్ద పని నోటు పుస్తకం. ప్రతి టేకుకు ఒక వరుస: సీను, షాటు, టేకు, కెమెరా ఫైలు సంఖ్య, సౌండ్ ఫైలు సంఖ్య, బాగుందా లేదా, లేకపోతే ఎందుకు. నా మొదటి షూటింగులో "గుర్తుంటుందిలే" అనుకుని ఏమీ రాయలేదు. ఏ టేకు మంచిదో వెతుక్కోవడానికే మూడు రాత్రులు పోయాయి. తీరా చూస్తే కథానాయిక చున్నీ గుమ్మం బయట కుడి భుజం మీద, గుమ్మం లోపల ఎడమ భుజం మీద ఉంది. అప్పటి నుంచి ప్రతి షాటు కాగానే నటులను ఫోనులో ఫొటో తీస్తాను. చొక్కా చేతి మడతలు, వాచీ, గ్లాసులో టీ ఎంత ఉందో కూడా.

జవాబు (ఆమదాలవలస)

సౌండ్ సంగతి నేను చెబుతాను. సముద్రం దగ్గర మొదటి శత్రువు అల కాదు, గాలి. మైకుకు స్పాంజి తొడుగు ఒక్కటే చాలదు, బొచ్చు తొడుగు కూడా అద్దెకు తెమ్మను. మైకు ముక్కు ఎటు చూస్తే అటే ఎక్కువ వింటుంది. సముద్రం నటుల వెనుక ఉన్నప్పుడు ఎదురుగా పట్టావంటే అలలన్నీ నీ రికార్డరులోకే. తల పైనుంచి, ఫ్రేముకు అంగుళం బయట, నోటి వైపు కిందికి వంచి పట్టు; అప్పుడు దాని చూపు ఇసుక మీద ఉంటుంది. హెడ్‌ఫోన్ తీయకు. రికార్డరు మీటరు మీద మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకో. సున్నాను తాకితే మాట చిట్లిపోతుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

మాట సరిగ్గా రాలేదనిపిస్తే, షాటు కాగానే అదే ఊపులో నటులను కారులో కూర్చోబెట్టి, అద్దాలు మూసి, ఆ మాటలే మళ్లీ చెప్పించు. సరుగుడు తోటలోకి మాత్రం తీసుకెళ్లకు, అక్కడి గాలి ఇంకా ఘోరం.

ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ ఆపించు. నీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టు, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేవు. గదిలో అందరినీ నోరు మూసుకోమని అర నిమిషం ఖాళీ నిశ్శబ్దం కూడా రికార్డు చెయ్యి. మాటల మధ్య అతుకులు వేయడానికి అదే పనికొస్తుంది.

జవాబు (బొబ్బిలి)

పన్నెండు నిమిషాల సినిమాకు ఇంత హంగామా ఎందుకండీ? తరువాత డబ్బింగ్ చెప్పుకుంటే సరిపోతుంది కదా.

జవాబు (ఆమదాలవలస)

చేయవచ్చండీ. కానీ కొత్త నటులకు పెదవులు కలపడం రాదు. పైగా షూటింగులో చక్కగా మన యాసలో మాట్లాడినవాళ్లే డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడగానే వార్తలు చదివినట్టు చదువుతారు. మా చిత్రంలో పల్లెటూరి తాత చివరికి రేడియో తాత అయ్యాడు.

జవాబు (ఎచ్చెర్ల)

అమ్మాయీ, వీళ్లు చెప్పనివి రెండు. తీరంలో బట్టలు మార్చుకోవడానికి, బాత్‌రూముకు ఏ ఇంటివాళ్లను అడిగారో ముందురోజే తెలుసుకో. రాత్రి తిరిగి ఎవరి బండిలో వస్తావో అమ్మకు చెప్పి వెళ్లు. నేను పనిచేసిన ఒక షూటింగులో మధ్యాహ్నం భోజనం నాలుగు గంటలకు వచ్చింది. ఆ తరువాతి షాట్లలో అందరి ముఖాలూ కోపంగానే ఉన్నాయి, సీను మాత్రం పెళ్లి సీను. భోజనం ఎన్ని గంటలకో, టైటిల్స్‌లో నీ పేరు ఏ పనికి పడుతుందో ఇప్పుడే అడుగు. మొహమాటపడకు.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలు. ఇంకొక్కటి. స్క్రిప్టు చివర "సముద్రంలో సూర్యుడు అస్తమిస్తాడు" అని ఉంది. సాయంత్రం ఆరింటికి తీద్దామంటున్నారు.

జవాబు (విజయనగరం)

మీ దర్శకుడు గోవా సినిమాలు ఎక్కువ చూసినట్టున్నాడు. మన సముద్రం తూర్పున ఉంది, అందులోంచి సూర్యుడు ఉదయిస్తాడు. అస్తమించేది వెనుక, ఊళ్ల వైపు. అదీ డిసెంబరులో ఐదున్నర లోపే. ఆరింటికి తీయడానికి ఏమీ మిగలదు. ముగింపును సూర్యోదయానికి మార్చమను. ఉదయం ఆరుంబావు ప్రాంతంలో సూర్యుడు పైకి వస్తాడు కాబట్టి ఐదుంబావుకల్లా ఇసుక మీద ఉండాలి. శ్రీకాకుళం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, నాలుగింటికే బయలుదేరండి. ఆ వేళకు పడవలు, వలలు ఉంటాయి. ముందురోజే వెళ్లి మత్స్యకారులతో మాట్లాడుకోండి. పక్కనే ఉంది కదా అని శాలిహుండం కొండ మీద కెమెరా స్టాండు పెట్టేయకండి. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని బౌద్ధ స్థలం, సినిమా తీయాలంటే అనుమతి కావాలి.

ప్రశ్న అడిగినవారు (షూటింగ్ తరువాత)

అయిపోయింది. సూర్యోదయమే తీశాం. ఫ్రిజ్‌లో తాళం పెట్టిన సంగతి మరిచిపోయి ఇల్లంతా వెతికాను, చివరికి మంచులా చల్లబడిన తాళంతో బండి తీశాను. ఒక తప్పు జరిగింది. తొమ్మిదో సీనులో నాలుగో టేకుకు బోర్డు మీద 3 అనే ఉండిపోయింది, పైకి చదివిందీ మూడనే. పుస్తకంలో మాత్రం 4 అని రాశాను. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు (విజయనగరం)

ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో "బోర్డు తప్పు, పుస్తకం ఒప్పు" అని రాసి, రెండు ఫైలు సంఖ్యల చుట్టూ గీత గియ్యి. పుస్తకం ఎడిటరుకు ఇచ్చే ముందు అన్ని పేజీలకూ ఫొటోలు తీసుకో. మెమరీ కార్డులు రెండు చోట్లకు కాపీ అయ్యేదాకా ఎవరినీ చెరపనివ్వకు.