రక్తం తక్కువ, భయం ఎక్కువ ఉండే యానిమే (జపాన్ యానిమేషన్) ఏదైనా చెప్తారా?

సతోషి కోన్ తీసిన 'పారనోయా ఏజెంట్' (2004) 13 ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూసేశాను. వంగిపోయిన బంగారు రంగు బ్యాటుతో, స్కేట్స్ మీద వచ్చి కొట్టిపోయే ఆ పిల్లాడి కంటే, దెబ్బ తిన్నవాళ్లలో కనిపించే 'హమ్మయ్య' నన్ను ఎక్కువ భయపెట్టింది. మొదట్లో వచ్చే పాటలో అందరూ పగలబడి నవ్వుతుంటారే, అదైతే కళ్లు మూసుకున్నా వదలడం లేదు! "ఇంత టెన్షన్ పడుతూ ఎందుకు చూడటం అన్నయ్యా?" అంటుంది మా చెల్లి. నా దగ్గర జవాబు లేదు, మీలో ఎవరికైనా తెలుసా?

'సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లేన్' సగం అర్థం కాలేదు, అయినా నచ్చింది. 'మాన్‌స్టర్' మొదలుపెడదామంటే 74 ఎపిసోడ్లు. చివరిదాకా పట్టు ఉంటుందా? పేగులు బయటపడే రకం మాత్రం వద్దు. కథ చెప్పేయకండి, ప్లీజ్.