హాల్ మోడర్న్‌గా ఉంది కానీ హాయిగా లేదు, ఏం చేయాలి?

మా హాల్ అంతా తెలుపు, గ్రే. ఫోటోల్లో బాగుంటుంది గానీ సాయంత్రం కూర్చుంటే ఏదో వెయిటింగ్ రూంలో ఉన్నట్టుంది, సోఫా మార్చకుండా ఏమైనా చేయొచ్చా అండి?

జవాబు 1: ముందు బల్బులు చూడండి. 6500 కెల్విన్ (లైటు రంగు చెప్పే కొలత) తెల్ల లైటైతే ఎంత మంచి గదైనా చల్లగానే కనిపిస్తుంది, 2700 నుంచి 3000 మధ్య వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్నది, తీసుకోండి, సీలింగ్ లైటు ఒక్కటే కాకుండా సోఫా పక్కన ఒక ఫ్లోర్ ల్యాంప్, అవతలి మూల ఇంకోటి పెడితే తేడా మీకే తెలుస్తుంది.

జవాబు 2: లైట్ల మాట కరెక్ట్. నేనైతే రగ్గు కూడా మారుస్తాను, టీపాయ్ కింద చిన్నముక్క వేస్తే అస్సలు బాగోదు, సోఫా ముందుకాళ్లు దానిమీదకి రావాలి.

జవాబు 3: గ్రే ఉంచేయండి, చెక్క, ముతక నేత కుషన్లు కలపండి చాలు. కర్టెన్ రాడ్ సీలింగ్‌కి దగ్గరగా బిగించండి.

అడిగినవారు: బల్బు డబ్బా చూశా, 6500 అనే ఉంది! రేపే మారుస్తా, థాంక్సండి.