కువైట్‌లో కల్లివెల్లి అయినవాళ్ళని (యజమానిని వదిలి, కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్ళని) వేలిముద్రలు తీసుకుని, మళ్ళీ రానివ్వకుండా పంపేయడం న్యాయమేనా?

ఉదయగిరి కుర్రాడు:
మా చిన్నమ్మ 2022లో ఖాదిమ్ (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్ళింది. ఒక ఇంట్లో పని అన్నారు. వెళ్ళాక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు, వాళ్ళమ్మ ఇల్లు, చెల్లెలి ఇల్లు కూడా తుడవమన్నారు. నాలుగు నెలల జీతం ఆపారు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. ఒక రాత్రి బయటికొచ్చేసింది. తెల్లారేసరికి పారిపోయిందని కేసు పెట్టారు, అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) పోయింది. 2024 ఆమ్నెస్టీ (జరిమానా లేకుండా దేశం వదిలి వెళ్ళనిచ్చే గడువు) వచ్చింది కాబట్టి సరిపోయింది, ఔట్ పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకి మన ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం) మీద ఇల్లు చేరింది. మా పక్కూరి ఆమె అంతకుముందే తనిఖీలో దొరికింది. వేలిముద్రలు పడ్డాయి, ఇక ఆ దేశంలో అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇద్దరిదీ ఒకటే కష్టం. పని చేసే ఇల్లు వదిలి రావడం దేశం నుంచి గెంటేసేంత నేరమా?

పొదిలి డ్రైవర్:
తమ్ముడూ, మీ చిన్నమ్మ బాధ నిజమే, కాదనను. నేను 11 ఏళ్ళు అక్కడ బండి నడిపాను. బయటికొచ్చినవాళ్ళందరూ కొట్టారనో జీతం ఆపారనో రాలేదు. పార్ట్‌టైమ్ చేస్తే ఎక్కువొస్తుందని వచ్చినవాళ్ళు నా గదిలోనే ఉన్నారు. 2018లో, 2020లో, 2024లో ఆమ్నెస్టీ ఇచ్చారు. చివరిది మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఉంది. అప్పుడైనా జరిమానా లేకుండా వెళ్ళి కొత్త వీసా మీద తిరిగి రావచ్చు కదా? కఫీల్ కూడా డబ్బు పెట్టి వీసా తీస్తాడు. పనికొచ్చిన బయటి దేశాలవాళ్ళు ఎక్కువగా ఉండే జలీబ్‌లో తనిఖీ అంటే అకామా ఉన్న మాలాంటోళ్ళకీ టెన్షనే. ఎవరి దేశం చట్టం వాళ్ళది.

ఉదయగిరి కుర్రాడు:
అన్నా, ఆ చట్టం గురించే నేనూ మాట్లాడేది. కువైట్‌లోనే 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చిన్నమ్మకి ఇందులో ఒక్కటీ దక్కలేదు. ఫిర్యాదు చేయాలంటే ముందు ఇల్లు దాటాలి. దాటిన మరుక్షణం తను కల్లివెల్లి. ఆఫీసుకు వెళ్ళే దారిలో పోలీసులు ఆపితే చూపడానికి ఏ కాగితమూ ఉండదు. 2024 జులై నుంచి సెప్టెంబర్ దాకా ఇంటిపని వీసాని కంపెనీ వీసాగా మార్చుకోనిచ్చారు, మంచిదే. దానికీ కఫీల్ ఒప్పుకోవాలి. జీతం ఆపినవాడు సంతకం పెడతాడా? ఆశకి బయటికొచ్చినవాడినీ, ప్రాణం విసిగి వచ్చినదాన్నీ ఒకే వ్యాన్ ఎక్కిస్తున్నారు. నాకు నచ్చనిది అదే. పంపే ముందు ఎందుకొచ్చావని అడిగి, రావలసిన జీతం లెక్క తేల్చాలి.

నెల్లూరు వకీలు:
బాబూ, కువైట్ చట్టం మన చేతిలో లేదు, మన దేశం చట్టం ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్ మనుషుల్ని పంపితే రెండేళ్ళ దాకా జైలు. జరిమానా మాత్రం 2,000 రూపాయల దాకానే! పదో తరగతి పాస్ కానివాళ్ళకి ఇచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్ళే ముందు మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. దానిమీద 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళు ఇంటిపనికి అక్కడికి వెళ్ళకూడదు. అందుకే ఏజెంట్లు దుబాయ్‌కి విజిట్ వీసా తీసి అటునుంచి అటు దాటిస్తారు. మన లెక్కల్లో లేని మనిషికి అక్కడ కష్టమొస్తే తెలిసేదెవరికి? ఏజెంట్ మీద కేసు నడవాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. వెళ్ళిన మనిషిగానీ, భర్త, కొడుకు, కూతురు లాంటి దగ్గరివాళ్ళుగానీ ఫిర్యాదు ఇస్తే ఆ అనుమతి అక్కర్లేదు. మీ చిన్నమ్మ చేత రాయించండి.

పొదిలి డ్రైవర్:
మేడమ్ చెప్పిన ఈ సంగతి నాకూ తెలియదు. జీతం లెక్క తేల్చి పంపాలన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను తమ్ముడూ. తనిఖీలే వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఇంతకీ ఏజెంట్ ఎవరు?

ఉదయగిరి కుర్రాడు:
మా ఊరివాడే అన్నా, చిన్నమ్మకి వరసకి అన్న. కాగితం మీద పేరు రాయమంటే ఏడుస్తోంది. వెళ్ళేటప్పుడు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంది. తీర్చడానికి మళ్ళీ వెళ్తానంటోంది, అదీ అతని ద్వారానే. మేడమ్, ఈ సోమవారం ఆమెని నెల్లూరు తీసుకొస్తే ఒకసారి మాట్లాడతారా?